తాడు దగ్గర తమ్ముడు

మార్కాపురం పలకల ఊరు. ఆ ఊళ్ళో బాలసుబ్రహ్మణ్యం పలుకుల మనిషి. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్సు చెబుతాడు. ఆయన కామర్సులో కామాలే గానీ ఫుల్‌స్టాపులు ఉండవని పిల్లల ఫిర్యాదు. వయసు నలభై దాటినా నోటికి ఇంకా ఇరవై నిండలేదు.

ఆ నోటి వెనకాల ఉన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ఆయనకు భయం. కుక్కంటే భయం, ఉరుమంటే భయం, సూదంటే భయం, అన్నిటికంటే ఎత్తంటే భయం. ఇంటి కింద బట్టల దుకాణం ఉంది. తల్లి దుర్గాంబ చూసుకుంటుంది. సెలవురోజు తాను కూర్చుంటే నిచ్చెన రెండో మెట్టు దాటడు. పై అరలో చీర తియ్యమని ఎవరైనా అడిగితే, "పైపై మెరుగులు మనకెందుకమ్మా" అని కింది అరలోదే చూపించి పంపుతాడు. భయం వేసినప్పుడల్లా ఆయనకు మాట పుడుతుంది. మాటకు జనం నవ్వుతారు, ఆ నవ్వుల్లో భయం కొట్టుకుపోతుంది. ఇన్నేళ్ళూ అలాగే నెట్టుకొచ్చాడు.

అలాంటివాణ్ణి ఏరి కోరి ప్రిన్సిపాలు నల్లమలకు పంపాడు. ఎండాకాలం సెలవుల్లో డిగ్రీ పిల్లలు కమ్యూనిటీ సర్వీసు ప్రాజెక్టు చెయ్యాలి. పెద్దారవీడు దాటి, పొలాలన్నీ అయిపోయి, అడవి మొదలైన చోట ఒక చెంచుగూడెం ఒప్పుకుంది. ఆర్టీసీ సర్వీసు లేని ఊరికి కాలేజీ సర్వీసు అన్నమాట. జిల్లాకు కొత్త గీతలు గీసినప్పుడు సముద్రం సగం పోయిందని ఒంగోలు వాళ్ళు బాధపడ్డారు. అడవి కూడా పోయుంటే ఎంత బాగుండేదని బాలసుబ్రహ్మణ్యం గూడేనికి పోయే జీపులో కూర్చుని బాధపడ్డాడు. దారి పక్కన పులుల అభయారణ్యం బోర్డు కనిపించింది.

"అభయం పులులకు, భయం మనకు" అన్నాడు. పిల్లలు నవ్వలేదు. ఆ మాట అంటున్నప్పుడు సారు గొంతు వణికింది మరి.

గూడెంలో కాశన్న అనే ఆయన వాళ్ళకు పెద్దదిక్కు. యాభై ఏళ్ళ మనిషి, ఒంట్లో చెక్కి తీసినట్టు కండ, మాట తక్కువ. ఆయన తల్లి సుబ్బమ్మకు మాట ఎక్కువ. భార్య మల్లేశ్వరమ్మ పిల్లలందరికీ వండి పెట్టింది. సేవ చెయ్యడానికి వచ్చిన పిల్లలు ముందుగా సేవలు చేయించుకున్నారు. ఇంకుడు గుంత తవ్వుతామని పలుగులు పట్టారు గానీ, రెండడుగులు దిగగానే బండ తగిలింది. ఇంకింది నీళ్ళు కాదు, పిల్లల ఉత్సాహం. చివరికి గూడెం మగవాళ్ళు వచ్చి ఇంకో చోటు చూపించి, చేతులు కూడా వేశారు.

బాలసుబ్రహ్మణ్యం మల్లేశ్వరమ్మను మొదటి రోజే అక్కా అన్నాడు. కాశన్నను బావా అన్నాడు. మార్కాపురంలో ఆటో అతన్ని బాబాయి అంటాం, కూరలమ్మిని పిన్నీ అంటాం. అదీ అంతే అనుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు.

బయలుదేరే ముందు దుర్గాంబ సంచిలో ఒక చీర పెట్టింది. "వాళ్ళింట్లో తింటావు గదా, ఆ ఇంటామెకు ఇచ్చి రా. దుకాణం ఉన్నోళ్ళం, ఉత్త చేతుల్తో పోయినాడని అనిపించుకోవాకు" అంది. ఒకరోజు మధ్యాహ్నం అందరూ తింటుండగా ఆయన ఆ చీర తీసి, అంచుకు పసుపు కుంకుమ పెట్టి, పళ్ళెంలో ఉంచి మల్లేశ్వరమ్మ ముందు పట్టుకున్నాడు.

"నీ తమ్ముడు పెట్టినాడనుకో అక్కా" అన్నాడు.

మల్లేశ్వరమ్మ గరిటె కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. చీర మాత్రం తీసుకోలేదు.

"ఊరికే పెడతాండవా, పుట్టింటి చీరగా పెడతాండవా?"

"ఊరికే ఎందుకు పెడతానక్కా. పట్టుచీర కాకపోయినా పుట్టింటి చీరే."

తన మాటకు తానే మురిసిపోయాడు. మల్లేశ్వరమ్మ నవ్వలేదు. చీర తీసుకుని కళ్ళకద్దుకుని లోపలికి పోయి, అప్పటికప్పుడే కట్టుకుని వచ్చింది. సుబ్బమ్మ చేతికర్ర తీసుకుని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. పొదిలి సంతలో ఎద్దును చూసినట్టు కాశన్న ఆయన్ను కిందినుంచి పైకి ఒకసారి చూశాడు. ఎందుకు చూశాడో అప్పుడు తెలియలేదు.

తెల్లారి టీ తాగుతుంటే తెలిసింది. కాశన్న భుజం మీద పెద్ద నారతాడు చుట్ట వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"పా బామ్మర్దీ."

"ఎక్కడికి బావా?"

"కొండకు. తేనెకు."

"ఓ, చూడ్డానికి పిల్లలు రెడీగా ఉన్నారు. నేను ఈడ వంట సంగతి చూసుకుంటా."

"పిల్లోళ్ళు దూరంనుంచి చూస్తే చూడనీ. తాడుకాడ కూకోవాల్సింది నువ్వు."

అరుగు మీదనుంచి సుబ్బమ్మ విడమరిచి చెప్పింది. కొండచరియకు పట్టిన తేనె కొయ్యాలంటే మగవాడు తాడుకు వేలాడి దిగాలి. పైన తాడు దగ్గర అతని భార్య తోడబుట్టినవాడే కూర్చోవాలి. ఇంకెవరూ పనికిరారు. మల్లేశ్వరమ్మ తమ్ముడు మస్తానయ్య జ్వరమొచ్చి పోయినాక, కాశన్న ఒక్కసారి కూడా కొండ దిగలేదు. పట్టిన తేనె పట్టినట్టే పక్షుల పాలు, ఎలుగుల పాలు అవుతోంది.

"ఇంక ఆ బాధ ల్యాదు. నిన్న దేవుడు తమ్ముణ్ణిచ్చినాడు" అంది ముసలామె.

బాలసుబ్రహ్మణ్యం నోరు దానంతట అది పనిచెయ్యడం మొదలుపెట్టింది. "అత్తా, నేను కామర్సు చెప్పేవాణ్ణి. బ్యాలెన్సు షీటు తప్ప బ్యాలెన్సు తెలియనోణ్ణి. ఇదిగో, మా ఏబేలు ఉన్నాడు. కబడ్డీ ప్లేయరు. నాలుగు బస్తాలు ఒక్కడే ఎత్తుతాడు."

ఏబేలు ఛాతీ పొంగించి నిలబడ్డాడు. కాశన్న ఆ కుర్రాడి వైపు చూడను కూడా చూడలేదు.

"కండ గాదు బామ్మర్దీ కావాల్సింది. నేను కింద పడితే ఈ పిల్లోడు రెండు దినాలు ఏడ్చి ఊరికి పోతాడు. నా సొంత అన్నదమ్ముల్ని గూడ ఆడ కూకోబెట్టను. ఎవని మనసులో ఏముంటాదో. ఆడదాని తోడబుట్టినోడు మాత్రం వదలడు. అక్క మెడలో తాడూ కొండమీద తాడూ వానికి ఒకటే."

పొయ్యి దగ్గర కొత్త చీరలో మల్లేశ్వరమ్మ ఉంది. ఇటు చూడటం లేదు. చూడకపోవడమే పెద్ద చూపులా ఉంది. నాకు భయం అనే ఒక్క మాట చాలు, తప్పించుకోవచ్చు. ఆ ఒక్క మాట అనకుండా ఉండటానికే ఆయన పుట్టినప్పటినుంచీ లక్ష మాటలు అన్నాడు. అంటే మాత్రం? నిన్న గూడెమంతా విన్న తమ్ముడు ఇవాళ తమ్ముడు కాకుండా పోతాడు. ఆమె ఆ చీర విప్పి మడతపెట్టి ఇస్తుంది. అనకపోతే ఒక మనిషి ప్రాణం తెచ్చి, నిచ్చెన రెండో మెట్టు ఎక్కలేనివాడి చేతిలో పెడుతున్నారు.

"ముడి నువ్వే ఏస్తావు గదా బావా?" అన్నాడు, పెదాలు తడుపుకుంటూ.

"నేనే ఏస్తా."

"మరి నేను చేసే పనేంది?"

"ఉండడం" అన్నాడు కాశన్న.

కొండెక్కినంతసేపూ బాలసుబ్రహ్మణ్యం మాట్లాడుతూనే ఉన్నాడు. ఏం మాట్లాడాడో వెనకాల వస్తున్న ఏబేలుకు, అదే క్లాసు యేసుమణికి కూడా అర్థం కాలేదు. పైకి చేరాక ఆయన మాట ఆగిపోయింది. అక్కడ వేరే చప్పుడు ఉంది. పలకలు కోసే మిల్లు దూరంగా ఆడుతున్నట్టు, కొండ కిందినుంచి ఒకటే రొద. రాయి ఎక్కడ అయిపోతుందో అక్కడ ఆకాశం మొదలైంది. మధ్యలో గోడ లేదు, కంప లేదు, కనీసం హెచ్చరిక బోర్డు లేదు.

కాశన్న తాడు కొసను నల్లమద్ది చెట్టు మొదట్లో చుట్టి ముడివేశాడు. రాతి అంచు మీద తాడు ఒరుసుకోకుండా మడిచిన గోనెసంచి పరిచాడు. చరియ పక్కనున్న సందులో పచ్చి ఆకు వేసి పొగ రాజేశాడు. పొగ మెల్లగా కిందికి, తేనెపట్టు వైపు పోయింది. పిల్లల్ని దూరంగా పొదల వెనక ఉండమన్నాడు.

"తాడు మీద చెయ్యి తీయాకు. లేచి నిలబడాకు. నేను కిందినుంచి బామ్మర్దీ అని కేకేస్తా. ఉండా అనాల నువ్వు. అంతే."

"అనకపోతే?"

కాశన్న నడుముకు తాడు బిగించుకుంటున్నవాడల్లా ఆగాడు. ఆయన మెడ నరం ఒకటి కొట్టుకోవడం బాలసుబ్రహ్మణ్యం చూశాడు. ఈ మనిషికి కూడా భయమే. చూడకుండా ఉంటే బాగుండేది.

"తాడుకాడ ఎవరూ లేరనుకుంటా. అట్ల అనుకుంటే కాలూ చెయ్యీ ఆడదు. మస్తానయ్య ఒక్కనాడూ పలకకుండా ఉండల్యా."

అలా చెప్పి, వెనక్కి తిరిగి, అంచు దాటి దిగిపోయాడు. తల ఉంది. తర్వాత తల లేదు. తాడు బిగిసింది.

బాలసుబ్రహ్మణ్యం చెట్టు మొదట్లో కాళ్ళు తన్నిపెట్టి కూర్చుని రెండు చేతులతో తాడు పట్టుకున్నాడు. పట్టుచీరల పట్టు తెలుసు, వడ్డీ పట్టు తెలుసు, ఈ పట్టు ఇదే మొదలు. తాడు అరచేతిలో జీవమున్నదానిలా అదురుతోంది. అది కాశన్న కదలికో, తన చేతుల వణుకో తెలియడం లేదు.

"బామ్మర్దీ."

"ఉండా బావా, ఉండక యాడికి పోతా, గుండ్రాయి మాదిరి ఉండా."

"ఒక్క మాట చాలు" అని కిందినుంచి వినిపించింది.

అలా కొంతసేపు నడిచింది. కేక, ఉండా. కేక, ఉండా. బాలసుబ్రహ్మణ్యం ఒంట్లో చెమట ఆరడం కూడా మొదలైంది. ఇంతలో గాలి తిరిగింది.

కిందికి పోవాల్సిన పొగ పక్కకు మళ్ళింది. రొద ఒక్కసారిగా లావైంది, తర్వాత దగ్గరైంది. అంచు మీదుగా నల్లటి మబ్బు లేచింది. పొదల వెనకనుంచి యేసుమణి కేక వినపడింది. పిల్లలు లేచి పరిగెత్తుతున్నారు.

"సార్, వచ్చేయండి, దుప్పటి ఉంది, వచ్చేయండి సార్" అని ఏబేలు పరిగెత్తుతూనే అరుస్తున్నాడు.

బాలసుబ్రహ్మణ్యం లేచాడు. నిజంగానే సగం లేచాడు. మోకాళ్ళు ఊరి వైపు తిరిగాయి కూడా. అరచేతిలో తాడు ఒకసారి గుంజుకుంది, అంతే. కింద కాశన్న కాలు మార్చుకున్నాడేమో. ఆ గుంజుడుకు ఆయన మళ్ళీ కూలబడ్డాడు.

మొదటి తేనెటీగ చెవి మీద కుట్టింది. తర్వాత మెడ, కనురెప్ప, ముక్కు. బట్టల దుకాణం వాడికి కుట్టడం కొత్త కాదు, కాకపోతే ఇన్నాళ్ళూ కుట్టించుకున్నవి బట్టలు. విదిలించడానికి చెయ్యి లేదు. రెండూ తాడు మీద ఉన్నాయి. నొప్పికి నోరు తెరిచాడు. పెదవి మీద ఒకటి, నాలుక మీద ఒకటి కుట్టాయి. నిప్పుకణిక నోట్లో వేసుకున్నట్టయింది. నాలుక నోటికంటే పెద్దదవుతోంది.

"బామ్మర్దీ."

ఉండా అందామనుకున్నాడు. గొంతులోనుంచి ఒక గురక లాంటిది వచ్చి పళ్ళ దగ్గరే ఆగిపోయింది.

"బామ్మర్దీ."

ఈసారి గొంతు మారింది. పలకల ఊరివాడు పలకలేకపోయాడు. లక్ష మాటలు అన్న నోటికి కావాల్సిన ఒక్క మాట రావడం లేదు. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. కిందినుంచి మూడో కేక రాలేదు. దాని బదులు తాడు ఇష్టమొచ్చినట్టు ఊగడం మొదలైంది. కాశన్న కంగారుపడి పైకి ఎగబాకుతున్నాడు. తాడు కుడికి పోయింది, ఎడమకు పోయింది. ఆ ఊపుకు గోనెసంచి జారి, అంచు దాటి, మాయమైంది.

ఇప్పుడు తాడు ఉత్త రాతి మీద ఉంది. వాస్తున్న కంటి సందులోనుంచి బాలసుబ్రహ్మణ్యం చూశాడు. తాడులో ఒక నారపోగు తెగి పైకి లేచింది. పక్కనే ఇంకోటి లేచింది.

ఎవరినైనా పిలవాలి. పిలవడానికి నోరు లేదు, పలకడానికి మనిషి లేడు. అంచు ఆయనకు నాలుగు మూరల దూరంలో ఉంది. ఆయన లెక్కలో అది మార్కాపురంనుంచి గిద్దలూరంత దూరం. బోర్లా పడుకున్నాడు. ఒక చెయ్యి తాడు మీదనుంచి తియ్యకుండా, పొట్ట మీద పాకాడు. రాయి కాలుతోంది. వీపు మీద ఈగలు కుడుతున్నాయి. ఇంక లెక్కపెట్టుకోవడం మానేశాడు. పాకుతూ పాకుతూ ఉండగా గడ్డం కింద రాయి అయిపోయింది.

కింద చెట్లు కొత్తిమీర కట్టల్లా ఉన్నాయి. కళ్ళు మూసుకోబోయాడు. ఆ చెట్లకూ తనకూ మధ్య కాశన్న వేలాడుతున్నాడు. మొహం పైకెత్తి ఉంది, తెల్లగా ఉంది, నోరు తెరుచుకుని ఉంది. బామ్మర్ది మొహం అంచు మీద కనబడగానే ఆ నోరు మూసుకుంది.

బాలసుబ్రహ్మణ్యం తలకు చుట్టుకున్న తువ్వాలు లాగి ఊపాడు. తాడు రాతిని ఒరుసుకునే చోట వేలు పెట్టి చూపించాడు. కాశన్న కళ్ళు అక్కడికి పోయాయి. చూశాడు. ఊగడం ఆపాడు. చరియను కాలితో తడిమి తడిమి, ఒక పగులులో పాదం ఇరికించి, చేతులతో రాతిని కరుచుకుని, తన బరువు తాడు మీదనుంచి తీశాడు. తాడు కొంచెం వదులైంది.

ఆ కొంచెంలో తువ్వాలు దూర్చాలి. వేళ్ళు లావెక్కి మాట వినడం లేదు. ఒకసారి దూర్చాడు, మడత పడలేదు. కాశన్న పిక్క వణకడం పైనుంచి కనిపిస్తోంది. రెండోసారి తువ్వాలు తాడు కిందికి పోయింది. బాలసుబ్రహ్మణ్యం దాన్ని మోచేత్తో నొక్కిపెట్టి తల ఊపాడు. తాడు మళ్ళీ బిగిసింది. తెగిన పోగులు రెండూ ఆయన ముక్కు ముందే నిక్కబొడుచుకుని ఉన్నాయి. మూడోది తెగుతుందేమోనని, దాన్ని చూపుతోనే కట్టేసినట్టు, రెప్ప వెయ్యకుండా చూస్తూ ఉండిపోయాడు.

ముందు ఒక చెయ్యి వచ్చింది. తర్వాత మోచెయ్యి. కాశన్న అంచు మీదికి పొర్లి, వెల్లకిలా పడి, ఎగశ్వాసతో కాసేపు ఆకాశం చూశాడు. గాలి మళ్ళీ సర్దుకుంది. పొగ తన దారిన తాను పోతోంది. ఈగలు పల్చబడ్డాయి.

"వచ్చినా. ఇంక వదులు" అన్నాడు కాశన్న.

బాలసుబ్రహ్మణ్యం వదలలేదు. వదలాలనే ఉంది. వేళ్ళు తెరుచుకోవడం లేదు. కాశన్న లేచి కూర్చుని, ఒక్కొక్క వేలూ పట్టుకుని విప్పాడు, పసిపిల్లవాడి గుప్పిట్లోనుంచి రాయి తీసినట్టు.

"పలకలేదేంది బామ్మర్దీ? పోయినావనుకున్యా."

బాలసుబ్రహ్మణ్యం నోరు తెరిచి చూపించాడు. కాశన్న లోపలికి తొంగిచూశాడు. గోటితో ముల్లు పట్టి లాగాడు. నడుముకున్న సొరకాయ బుర్రలో వేలు ముంచి, నాలుక మీద తేనె రాశాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

"సగమే కోసినా" అన్నాడు కాశన్న. "సగం కోసిన తుట్టెను ఈగ ఉంచదు. సందేళకు ఇడిసిపోతాది. మళ్ళా దిగాల."

బాలసుబ్రహ్మణ్యం తల అడ్డంగా ఊపాడు. గట్టిగా ఊపాడు. వద్దనడానికి కారణాలన్నీ వరసగా నోటిదాకా వచ్చాయి, నాలుక దాటలేదు. కాశన్న ఆ తల ఊపడం చూడలేదో, చూసి కూడా ఊరుకున్నాడో తెలియదు. దెబ్బతిన్న చోట తాడు కోసి పారేశాడు. బతికున్న భాగాన్ని చెట్టుకు మళ్ళీ బిగిస్తున్నాడు. బాలసుబ్రహ్మణ్యం పాక్కుంటూ పోయి రెండో కొస అందుకున్నాడు. వాచిన వేళ్ళతో తాడును జానెడు జానెడుగా నులుముతూ, తెగిన పోగు ఎక్కడైనా తగులుతుందేమోనని మొత్తం తడిమాడు. ఒకసారి చాలక రెండోసారి తడిమాడు. ఒంటి మీద చొక్కా కూడా విప్పి, తువ్వాలు మీద మడతేసి, అంచున పరిచి, నాలుగు రాళ్ళు బరువు పెట్టాడు.

"ఈసారి కేకెయ్యనులే" అన్నాడు కాశన్న, కొత్తగా ఆకు వేసి పొగ పెంచుతూ. "తాడు ఒక్కసారి గుంజుతా. నువ్వూ గుంజు."

దిగిపోయాడు. మళ్ళీ తల ఉంది, మళ్ళీ తల లేదు.

గుంజుడు వచ్చింది. బాలసుబ్రహ్మణ్యం గుంజాడు. మళ్ళీ వచ్చింది. గుంజాడు. గుంజుడుకూ గుంజుడుకూ మధ్యనున్న కాలంలో ఆయన గుండె ఎక్కడా నిలవలేదు. పొదల వైపు అడుగుల చప్పుడు వినపడింది. పిల్లలు దుప్పటి కప్పుకుని తిరిగొచ్చినట్టున్నారు. "సార్" అని ఏబేలు మెల్లగా పిలిచాడు. ఆయన తల తిప్పలేదు.

తర్వాత గుంజుడు ఆలస్యమైంది. ఎదురుచూశాడు. రాలేదు. తాడు బిగువుగా ఉంది, కదలిక లేదు. కుట్టించుకుని ఒదిగి ఉన్నాడో, స్పృహ తప్పి వేలాడుతున్నాడో. బాలసుబ్రహ్మణ్యం మళ్ళీ బోర్లా పడుకున్నాడు. పాకాడు. పళ్ళు కరుచుకుని, తల అంచు దాటించి, కిందికి చూశాడు.

కాశన్న పగులులో పాదాలు ఇరికించుకుని, చంకలో సొరకాయ బుర్ర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే నాక్కుంటున్నాడు. ఇన్ని రోజులకు దొరికిన కొండతేనె. లోకం మరిచిపోయాడు.

బాలసుబ్రహ్మణ్యానికి ఎన్ని తిట్లు వచ్చాయో లెక్కలేదు. ఒక్కటీ బయటికి రాలేదు. అంచు మీద తల అలాగే ఉంచి, తాడును గట్టిగా ఒక్క గుంజు గుంజాడు. కాశన్న ఉలిక్కిపడి పైకి చూశాడు. దొంగతనం పట్టుబడ్డ మొహంతో, తేనె చేత్తోనే తాడు పట్టుకుని, గబగబా తిరిగి గుంజాడు.